మొద్దుబారిన గడ్డాన్ని మళ్లీ కోయించుకోవాలా?

గడ్డం ముందుకు కనిపించేలా ఎముక మీద ఇంప్లాంట్, అంటే కృత్రిమ దిమ్మ, పెట్టించుకుని ఏడాది దాటింది. ఆకారం గురించి నాకు ఫిర్యాదు లేదు, అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటే బాగానే ఉంది. కానీ కింది పెదవి ఎడమ సగం, దాని కింద గడ్డం, ముందు పళ్ల చిగురు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. నీళ్లు తాగితే గ్లాసు అంచు సగం పెదవికే తగులుతుంది. షేవింగ్‌లో గాటు పడితే రక్తం కనిపించాకే తెలుస్తుంది.

పక్షవాతమా అని అడిగేవాళ్లున్నారు. కాదు. మాట, నవ్వు మామూలుగానే ఉన్నాయి, పెదవిని కదిలించే నరం వేరు. నాకు దెబ్బతిన్న మెంటల్ నరం స్పర్శను మాత్రమే మోస్తుంది. కింది దవడ ఎముకలో, ఎక్కువమందికి రెండో ప్రీమోలార్ పన్ను (కోరపన్ను వెనక రెండోది) కింద, ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఈ నరం బయటికొచ్చేది అక్కడే. ఇంప్లాంట్ రెక్క, అంటే పక్కకు సాగే దాని సన్నని భాగం, వెళ్లేది కూడా ఆ రంధ్రానికి కాస్త కిందుగానే.

ఆపరేషన్‌లో నరం కొద్దిగా సాగితే వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుంది. లోపలి తంతువులు తెగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి. ఆ రంధ్రం నుంచి పెదవికి ఉన్న దూరమెంత? కొన్ని సెంటీమీటర్లు. అందుకే ఏడాది తర్వాత కూడా “ఇంకా ఆగండి” అన్న మొదటి సర్జన్ మాట నాకు మింగుడుపడలేదు. నరం పూర్తిగా తెగిందన్న అనుమానం ఉన్నవాళ్లయితే అసలు ఇంతకాలం ఆగకూడదు, ఆలస్యమయ్యేకొద్దీ అతికించినా ఫలితం తగ్గుతుంది.

రెండో సర్జన్ దూదిపోచతో, సూదిమొనతో పరీక్షించి మొద్దుబారిన మేర పెన్నుతో గీత గీశారు. తర్వాత సీటీ స్కాన్. ఎడమ రెక్క కొస పైకెక్కి రంధ్రం అంచుకు ఆనుకుని ఉంది. అసలు ప్రశ్న అదే: నరం ఒకసారి నలిగి ఊరుకుందా, ఇప్పటికీ ఏదైనా నొక్కుతోందా? నొక్కేది లేకపోతే మళ్లీ కోసి సాధించేదేమీ లేదు.

ఇంప్లాంట్ తీసేయవచ్చు. నాది సిలికోన్, చుట్టూ పొర కడుతుందే తప్ప కండ అందులోకి అల్లుకోదు కాబట్టి సులువుగా వస్తుంది. రంధ్రాలుండే పాలిథిలీన్ రకమైతే కండ లోపలికి పెరిగి తీయడం కష్టమవుతుంది. అయితే తీశాక సాగిన కండరాన్ని తిరిగి ఎముకకు బిగించి కుట్టకపోతే గడ్డం కిందికి జారుతుంది. ఇంప్లాంట్ బదులు గడ్డం ఎముకనే కోసి ముందుకు జరిపే పద్ధతీ ఉంది, కానీ నరం బయటికి వచ్చే ముందు ఎముకలో రంధ్రం కంటే కిందికి దిగి వంపు తిరుగుతుంది. స్పర్శ కోసం వెళ్లి అదే నరం దగ్గర రంపం పెట్టించుకోవడం నాకు నచ్చలేదు.

రెక్క కొస కత్తిరించి, ఇంప్లాంట్ కదలకుండా స్క్రూ వేయించుకుంటున్నాను. స్పర్శ తిరిగి వస్తుందని సర్జన్ మాట ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లేవాణ్ణి. కుడి వైపు జోలికి మాత్రం వెళ్లవద్దని ముందే చెప్పాను.