రెండో డ్రైవర్‌గానే ఎక్కుతున్నా

"ఓవర్‌లోడ్ కేసు పడితే ఎవరు కడతారండీ?" అనగానే ఆటోనగర్‌లో నేను డ్రైవర్ పని అడగడానికి వెళ్లిన లారీ ఓనరు ముఖం మాడిపోయింది. చట్టం ప్రకారం జరిమానా 20 వేలు, పైన ప్రతి ఎక్కువ టన్నుకీ 2 వేలు మరి! బత్తా బాగానే ఇస్తాడట, కానీ కొత్తవాణ్ని ఒక్కణ్నే కలకత్తా లోడుకి పంపేస్తాడట, స్టెప్నీ చూస్తే అరిగిపోయి లోపలి తీగలు కనిపిస్తున్నాయి.

ఇంకో ఆయన జీతం తక్కువే చెప్పాడు. అయితే ఏడాదిపాటు సీనియర్ పక్కన తిప్పుతాడు, ఘాట్‌లో గేరు మీద బండి దించడం, లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం, సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు గడువు చూసుకోవడం అన్నీ అక్కడే వస్తాయి. హెవీ లైసెన్స్ చేతికొచ్చిందని లోడు బండి మన మాట వింటుందా ఏంటి?

"డబ్బులొదులుకుంటావేంట్రా" అని మా బావ ఒకటే గోల. రోడ్డు మీద ఉండేది నేను బావా, నువ్వు కాదు. రేపు సాయంత్రం వైజాగ్ లోడు.