పెద్దమ్మ, ఎర్ర మేడ, బళ్ళారి నాటకం

ఆదివారం, రాత్రి

పెద్దమ్మను గుంతకల్లు రైలెక్కించడానికి పొద్దున మద్రాసు సెంట్రల్‌ స్టేషన్‌కి వెళ్లాం. రైలు లేటు. ప్లాట్‌ఫారం మీద ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. "ఏం రా, పక్కన ఏదో ఎర్ర మేడ ఉండాదే, చూసొద్దాం పా" అంది. వచ్చినప్పటి నుంచి మోకాళ్ల నొప్పులని గడప దాటని మనిషి! సామాను క్లోక్‌రూమ్‌లో పడేసి నడిచాం.

ఆ మేడ విక్టోరియా పబ్లిక్ హాల్. కార్పొరేషన్ ఆఫీసుండే రిప్పన్ బిల్డింగ్ పక్కనే ఉంటుంది. ఎప్పుడూ బస్సులోంచి చూసేదే, ఇవాళ తీరిగ్గా రోడ్డు పక్కన నిలబడి చూశాం. ఒళ్లంతా ఎర్ర ఇటుక, ఒక పక్క చదరపు టవరు, దాని మీద కేరళ గుళ్లకు ఉండే లాంటి వాలు కప్పు. ప్లాన్ గీసింది రాబర్ట్ చిజం, కట్టింది నంబెరుమాళ్ చెట్టి. పని 1888లో మొదలై 1890కి పూర్తయింది. అంతకు ముందే, 1883లో, శంకుస్థాపన చేసింది మాత్రం మన విజయనగరం మహారాజు ఆనందగజపతి. గురజాడను ఆదరించిన రాజే అని చెప్తే పెద్దమ్మ మేడను ఇంకోసారి పైనుంచి కిందికి చూసింది, చుట్టాలిల్లు అన్నట్టు.

ఆవిడకు అసలు కథ చెప్పాను. 1891లో బళ్ళారి నుంచి సరస వినోదినీ సభ అనే నాటక సమాజం మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. దాన్ని నడిపింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. కోర్టులో ప్లీడరు, స్టేజీ మీద నటుడు, నాటకాలు రాసేదీ ఆయనే. ఆ ఆటలు చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే కుర్రాడున్నాడు, తర్వాత ఆధునిక తమిళ నాటకానికి పితామహుడనిపించుకున్నవాడు. అప్పటిదాకా అతనికి తమిళ నాటకాలంటే చిన్నచూపు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు వేషం కట్టి ఇంత బాగా ఆడొచ్చా అని కళ్లు తెరుచుకున్నాయి. అదే ఏడాది జూలైలో స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి ఆ సభ నాటకాలకు ఈ విక్టోరియా హాలే ఇల్లు. లాయర్లు, గుమాస్తాలు ముఖాలకు రంగేసుకుని ఆడేవాళ్లు. రాజకీయాల్లో పేరు మోసిన సత్యమూర్తి కూడా ఆ సభలో వేషాలు వేశాడు. సంబంధ ముదలియార్ కూడా చదివింది లా యే. ఈ ప్లీడర్లకీ నాటకానికీ ఏం లంకో గానీ, రోజంతా కోర్టులో వాదించి సాయంత్రం మళ్లీ గొంతు చించుకోవడానికి ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చేదో!

తమిళ ఆధునిక నాటకానికి ఒక తెలుగు బృందం దారి చూపించిందంటే మనవాళ్లు కాలరెగరేస్తారు. నాకు అది అంత నచ్చదు. ఆ బళ్ళారి ఇవాళ కర్ణాటకలో ఉంది, ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సుగుణ విలాస సభ కూడా తమిళంతో ఆగలేదు, తెలుగు నాటకాలూ వేసింది. ఎవరి వాటా ఎంతో ఇప్పుడు కొలతలేసి ఏం చేసుకుంటాం?

రైలు కదిలాక ఇంటికి పోబుద్ధి కాలేదు. ఎగ్మూరులో దిగి మ్యూజియం థియేటర్‌కి వెళ్లాను. 1896 నాటిది, హెన్రీ ఇర్విన్ కట్టడం. అది ఉన్న పాంథియన్ రోడ్డుకు ఆ పేరు రావడమే 18వ శతాబ్దం చివర ఇక్కడున్న పాంథియన్ అనే మేడ వల్ల. తెల్లదొరల విందులు, డాన్సులు, నాటకాలు అందులోనే జరిగేవి.

సాయంత్రం ఏదో ఇంగ్లిష్ నాటకం ఉన్నట్టుంది, లైట్లు బిగిస్తున్నారు. అడిగితే కాసేపు కూర్చోనిచ్చారు. కావాలనే చివరి వరసలో కూర్చున్నా. సీట్లు అర్ధచంద్రాకారంలో, స్టేజీ వైపు బాగా ఏటవాలుగా దిగుతాయి. ముందువాడి తల అడ్డం రాదు, స్టేజీ మరీ దూరమూ కాదు. కింద లైట్లబ్బాయి మామూలు గొంతుతో "ఇంకొంచెం ఎడమకి" అని తమిళంలో అంటే నాకు స్పష్టంగా వినపడింది. మైకులేని రోజుల్లో హాలు కట్టినవాళ్లకు చెవి లెక్క బాగా తెలుసు. నన్నడిగితే కథలన్నీ విక్టోరియా హాలువి గానీ, నాటకం చూడాలంటే ఇదే. ఇప్పుడు కొత్తగా కట్టే ఆడిటోరియాల్లో కుర్చీలు మెత్తగా ఉంటాయి, మాట మాత్రం స్పీకర్లోంచి వస్తుంది, మనిషిలోంచి రాదు.

రాత్రి పెద్దమ్మ ఫోన్. రేణిగుంట దాటారట. రైల్లో పడుకుని ధర్మవరం వారి సంగతే ఆలోచిస్తూ ఉందట. "ఆయన మేనల్లుడే కదరా బళ్ళారి రాఘవ? మా నాయన ఆయన ఆట చూసినాడు. పఠాన్ రుస్తుం వేషం. నాలుగు రోజులు అదే చెప్పినాడంట ఇంట్లో" అంది. ఆ వెంటనే ఫిర్యాదు: "కానీ రాఘవ రాగం తీయడంట రా. మాట్లాడినట్టే చెప్పేస్తాడంట. మా నాయనకు అది మాత్రం రుచించలా."

నిజమే, పద్యాన్ని సాగదీయడం రాఘవకు గిట్టేది కాదు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని కూడా గట్టిగా వాదించాడు. రెండో దాంట్లో ఆయనతో పేచీ లేదు. మొదటి దాంట్లో మాత్రం నా ఓటు తాతకే. హార్మోనియం శ్రుతి అందుకున్నాక, హాలంతా "వన్స్ మోర్" అని అరిస్తే, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం పాడాల్సిందే. అదే మాట పెద్దమ్మతో అంటే, "నువ్వూ మా నాయన లాగే తయారైతివే" అని ఫోన్ పెట్టేసింది.