చేతులు మారే సరుకు

పాతికేళ్లుగా ఇతరుల లెక్కలు రాయడమే నా వృత్తి. ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో, ఆఫీసు గుంటూరు పట్నంబజారు దగ్గర కావడం వల్ల వారంలో ఆరు రోజులు కృష్ణ దాటి వెళ్లి, మళ్లీ కృష్ణ దాటి ఇంటికి వస్తుంటాను. నా దగ్గర లెక్కలు రాయించుకునేవారిలో మిర్చి కమీషన్ కొట్ల వారు, కోల్డ్ స్టోరేజీల వారు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వారు, కాలేజీ హాస్టళ్లకు పాలూ కూరగాయలూ సరఫరా చేసేవారు ఉన్నారు. ఈ ప్రాంతం ఎక్కడ సంపాదిస్తోందో, ఎక్కడ జారవిడుచుకుంటోందో నాకు చాలావరకు వారి పద్దుల్లోనే అర్థమైంది. సరుకును చేతులు మార్చడంలో మనవారికి ఉన్న నేర్పు దాని రూపు మార్చడంలో ఇంకా అబ్బలేదన్న అభిప్రాయం ఏడాదికేడాది నాలో బలపడుతూ వచ్చింది.

ముందుగా మిర్చి సంగతి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డులో ఒక ఉదయం గడిపినవారికి, ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అన్న మాట అతిశయోక్తిగా తోచదు. పల్నాడు, ప్రకాశం, కర్నూలు జిల్లాల నుంచే కాక తెలంగాణ, కర్ణాటకల నుంచి కూడా లారీల్లో రాత్రికి రాత్రి వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెల్లవారేసరికి కొట్ల ముందు వరుసలు కట్టి ఉంటాయి. కొనేవాడు వచ్చి టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు పైకి తీసి, చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడును బట్టి తేమను, వెలుతురులో పట్టి రంగును, కాయ విరిచి నాణ్యతను అంచనా కడతాడు. రకాల్లో తేజ ఏదో, 334 ఏదో, బ్యాడిగి ఏదో, వాటిలో రంగు చెడిన తాలు కాయ ఎంత కలిసిందో చెప్పడానికి అతనికి నిమిషం పట్టదు. ఈ విద్యకు డిగ్రీ లేదు. తండ్రి కొట్లోనో మేనమామ కొట్లోనో గుమాస్తాగా కూర్చుని నేర్చుకున్నదే. ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ పద్ధతి వచ్చాక ధరలు కంప్యూటర్లోకి ఎక్కుతున్నా, చేత్తో పట్టి చూడటం మాత్రం ఎవరూ మానలేదు. లక్షల రూపాయల సరుకు ఒక నోటిమాట మీద, ఒక కాటా చీటీ మీద కదులుతుందంటే బయటివారు నమ్మరు. నన్నడిగితే గుంటూరుకు అసలైన పెట్టుబడి ఆ నమ్మకమే.

అయితే ఆ కాయ యార్డు గేటు దాటిన తరువాత ఏమవుతుందన్నది వేరే కథ. తేజ రకాన్ని చైనా పెద్ద ఎత్తున కొంటుంది. కాయలోని ఘాటునూ రంగునూ వేరు చేసి ఒలియోరెజిన్ తీసే పరిశ్రమకు మన దేశంలో పేరున్న చోటు కేరళలోని కొచ్చి పరిసరాలు. అంటే మిర్చి అంతగా పండని చోట మిర్చి సారం తీసే ఫ్యాక్టరీలు వెలిశాయి. యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది, కారం మిల్లులు ఉన్నాయి, కొందరు ఎగుమతిదారులు గ్రేడింగ్ యంత్రాలు పెట్టుకున్నారు. కాబట్టి ఇక్కడ ఏమీ లేదని అనను. కానీ నేను చూసే పుస్తకాల్లో ఆదాయం కమీషనుగా, గోదాము అద్దెగా, వడ్డీగా, లారీ కిరాయిగా వస్తున్నంతగా తయారీ లాభంగా రావడం లేదు.

ధర పడిన ఏడాది ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను ఊడ్చిపెట్టింది. ఆ తరువాత ధర పెరిగి, 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికింది. కోల్డ్ స్టోరేజీల్లో సరుకు పేరుకుని, కొనుగోళ్లు మందగించి, 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా దిగజారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. ఆ సంవత్సరం నా ఖాతాదారులలో కొందరి పుస్తకాల్లో, రైతులకు విత్తనాల నాటి నుంచీ ఇచ్చిన అడ్వాన్సులన్నీ రావలసిన బాకీల కింద పేరుకుపోయాయి. రైతు అమ్మలేడు, కొట్టువాడు అడగలేడు. సారంగా మారి ఉంటే ఆగగలిగే సరుకు, కాయగా మిగిలిపోయినందువల్ల కోల్డ్ స్టోరేజీలో అద్దె కట్టుకుంటూ, రంగు తగ్గుతూ కూర్చుంది.

ఇక పని చేసేవారి విషయానికి వద్దాం. మిర్చి కోతకు స్థానికంగా మనుషులు చాలరు. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతున్నామని చెప్పి, గుంటూరు, పల్నాడు చేలగట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. ఆ నెలలన్నీ పిల్లల బడి అటకెక్కుతుంది. యార్డులో టిక్కీలు మోసే ముఠా కార్మికులకు మోసిన లెక్కన కూలి దక్కుతుంది కాబట్టి, వేసవిలో యార్డుకు సెలవులిచ్చిన రోజుల్లో ఆ లెక్క దాదాపు సున్నా. గోదాముల్లో తొడిమలు తీసే ఆడవారి పరిస్థితి అంతకన్నా అధ్వానం: ముక్కుకు చీరకొంగు కట్టుకుని రోజంతా ఆ ఘాటులో కూర్చుంటే, తీసిన కిలోలను బట్టి డబ్బు. నా చేతికి వచ్చే రిజిస్టర్లలో వారి పేర్లు ఎన్నడూ కనిపించలేదు. ‘తొడిమ ఖర్చు’ అని ఒక పద్దు ఉంటుంది, అంతే.

పొగాకుదీ ఇంచుమించు ఇదే దారి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది, 1976 నుంచి బోర్డు పని చేస్తోంది, ఆకు మాత్రం ఎక్కువగా ఆకుగానే వెళ్లిపోతోంది. మంగళగిరి మగ్గం మీద నిజాం అంచు చీర నేసే ఇళ్లను రోజూ రైలు కిటికీ లోంచి చూసే దూరంలోనే దాటిపోతుంటాను. వారి గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

నది ఇవతల, విజయవాడ ఆటోనగర్‌లో, నా అభిప్రాయానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఉంది. అక్కడ జరిగేదంతా రూపు మార్చే పనే. ఒక వైపు నుంచి ఉత్త షాసీ వస్తుంది, కొన్ని వారాలకు మరో వైపు నుంచి రంగులతో, పూసల దండతో, వెనక ‘హారన్ కొట్టుము’ అన్న అక్షరాలతో లారీ బయటికి వెళ్తుంది. చెన్నై, కోల్‌కతా రహదారీ హైదరాబాద్ రహదారీ ఇక్కడే కలవడం వల్ల 1960ల నుంచి ఈ పని ఇక్కడ పాతుకుపోయింది. వెల్డింగు చేసేవాడికి వడ్రంగి పక్క షెడ్డులో, వడ్రంగికి రేకుల మేస్త్రీ ఎదురు వరుసలో, కమాన్ కట్టలు సరిచేసేవాడు సందు చివర, సీట్లు కుట్టేవాడు ఆ పక్కన దొరుకుతారు. ఇంతమంది పనివాళ్లు ఒకరికొకరు నడిచి వెళ్లే దూరంలో ఉండటమన్నది ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి పుట్టించగలిగేది కాదు.

ఆ బలం ఇప్పుడు కరిగిపోతోంది. బస్సు, లారీ బాడీలకు కేంద్రం కోడ్లు తేవడంతో తనకు తోచిన కొలతలతో కట్టే స్వేచ్ఛ పోయింది. కంపెనీలే బాడీ కట్టిన బండ్లను అమ్మడం పెరిగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంజన్లు రావడంతో మరమ్మతు కూడా చేతిలోంచి జారుతోంది. నా ఖాతాదారుల్లో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. రిటర్ను మీద సంతకం చేయడానికి వచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుని వెళ్తాడు.

‘‘ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణండీ ఆడిటర్ గారూ. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలిస్తే గాని బండి నోరు విప్పడం లేదు’’ అన్నాడు ఒకసారి.

‘‘మీ అబ్బాయి ఉన్నాడుగా, అతనికి అది తెలిసే ఉంటుందిగా’’ అన్నాను.

‘‘వాడు బీటెక్ అండీ. ఈ గ్రీజులోకి వాడెందుకొస్తాడు? నేనూ రమ్మనను.’’

ఆ కుర్రాడు చదివింది ఎలక్ట్రానిక్సే. తండ్రి షెడ్డుకు సరిగ్గా కావలసిన చదువు ఆ ఇంట్లోనే ఉండి కూడా షెడ్డు గడప దాటలేదు. తప్పు కొడుకుదని నేను అనను. షెడ్డులో సంపాదన ఉన్నా గౌరవం లేదని చిన్నప్పటి నుంచీ అతనికి చెప్పినవారిలో తండ్రే మొదటివాడు. మల్లవల్లిలో 2018లో శంకుస్థాపన జరిగిన అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో తెరుచుకున్నప్పుడు, ఆటోనగర్ పనివాళ్లలో కొంతమందికైనా ఆశ కలిగింది. అయితే పెద్ద పరిశ్రమ ఏదైనా ముందుగా అడిగేది ఐటీఐ కాగితం. ముప్పై ఏళ్లు వెల్డింగు చేసిన మనిషిని నాలుగు రోజులు పరీక్షించి, నైపుణ్యానికి తగిన ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కాగితం మీద ఉన్నా, ఆ షెడ్ల దాకా వచ్చి అడిగినవారిని నేను చూడలేదు.

ఈ ప్రాంతం శ్రద్ధగా రూపు మార్చి పంపే సరుకు మరొకటి ఉంది: పిల్లలు. ఇంటర్మీడియట్ కాలేజీలు, ఐఐటీ, మెడికల్ కోచింగులు, వాటి చుట్టూ హాస్టళ్లు, మెస్సులు. ఆ హాస్టళ్లకు సరుకులిచ్చేవారి బిల్లులు చూస్తే ఇది ఎంత పెద్ద పరిశ్రమో తెలుస్తుంది. వడ్డేశ్వరంలో కేఎల్, అమరావతిలో ఎస్‌ఆర్‌ఎం, విట్ విశ్వవిద్యాలయాలు, మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చాయి. గన్నవరం దగ్గర కొన్ని సాఫ్ట్‌వేర్ కార్యాలయాలూ ఉన్నాయి. అయినా ఆదివారం రాత్రి పండిట్ నెహ్రూ బస్టాండులో హైదరాబాద్ ప్లాట్‌ఫారాల దగ్గర నిలబడితే, చదువుకున్న గుంటూరు, కృష్ణా యువతలో సగం అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. వారు పంపే డబ్బు, అమెరికా నుంచి వచ్చే డబ్బు తిరిగి ఇక్కడికే వస్తుంది గాని, మిల్లులోకో షెడ్డులోకో రాదు. స్థలంలోకి, ఫ్లాటులోకి పోతుంది. పదేళ్లకు యంత్రం అరిగిపోతుంది, స్థలం రెట్టింపవుతుందని ఒక ఖాతాదారు నాకే పాఠం చెప్పారు. లెక్కల ప్రకారం ఆయన మాట తప్పని నేను నిరూపించలేకపోయాను.

భూమి మీద ఈ మోజుకు అమరావతి ఒక పెద్ద అధ్యాయం. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన, 2025 మే 2న పనుల పునఃప్రారంభం: ఈ మూడు తేదీల మధ్య హోటళ్లు పెట్టి మూసినవారి, జేసీబీలు కొని వాయిదాలు కట్టలేక అమ్మినవారి నష్టాల పద్దులు నేనే రాశాను. భూమి ఇచ్చిన రైతుకు ఏటా కౌలు, ప్లాటు హక్కు వచ్చాయి. ఆ 29 గ్రామాల్లో అరటి తోటల్లో, కూరగాయల మళ్లలో, పూల తోటల్లో దాదాపు ఏడాది పొడవునా పని దొరికిన భూమిలేని కూలీకి మొదట ఖరారైనది నెలకు 2,500 రూపాయల పింఛను. రాజధాని కట్టడం పనుల్లో వారికి చోటు దొరికింది చాలా తక్కువ. కర్రలు కట్టేవారు, రాడ్ బెండింగ్ చేసేవారు ఎక్కువగా ఒడిశా, బిహార్, బెంగాల్ వారు. మన పక్క ఊరి కూలీకి రాడ్ బెండింగ్ నేర్పడానికి పదేళ్ల వ్యవధి దొరికినా అది జరగలేదన్నది నా ఫిర్యాదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు, నగరపు పనివాళ్లు ఎక్కడ నివసిస్తున్నారో అందరికీ ఒక్కసారిగా కనిపించింది. ఆటో డ్రైవర్లు, వెల్డర్లు, టైలర్లు, ఇళ్లలో పని చేసేవారు అంతా ఆ పల్లంలోనే. మునిగిన ఆటోకు, తుప్పు పట్టిన వెల్డింగు యంత్రానికి నష్టం ఎంతో రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చిన వారిలో కొన్న రసీదు దాచుకున్నవారు ఇద్దరే.

నా ఆఫీసు కూడా ఈ లెక్కలో చేరేదే. తెనాలి నుంచి వచ్చి మూడేళ్లుగా నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, కాటా చీటీ చూసి కొట్టు ఎవరిదో చెప్పగలిగేంత తయారయ్యాడు. నేనిచ్చే జీతానికి రెట్టింపు ఇస్తామని హైదరాబాదులో ఒక సంస్థ పిలిచింది. వెళ్లవద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నిజానికి, సిఫారసు ఉత్తరం రాసిచ్చింది నేనే. మార్చి నెలాఖరు పద్దులు ముగించి వెళ్తానని మాటిచ్చాడు. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఇంకా ఎవరూ దొరకలేదు.