రిపోర్టులు నార్మల్, భయం మాత్రం తగ్గదు

రిపోర్టులన్నీ నార్మల్ అని చెబితే ఎవరైనా సంతోషపడతారు, నాకు మాత్రం అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. ఏమీ లేకపోతే మరి ఈ తూలుడు ఎందుకుంది?

మొదట వచ్చింది వెస్టిబ్యులర్ న్యూరైటిస్. లోపలి చెవి నుంచి మెదడుకు బ్యాలెన్స్ సంగతులు చేరవేసే నరం వాస్తుంది, చాలావరకు వైరస్ వల్లే అంటారు. గది గిర్రున తిరగడం, కళ్ళు మూసుకున్నా ఆగకపోవడం, వాంతులు, గోడ పట్టుకోకుండా అడుగు వేయలేకపోవడం. అంత భీకరమైనదీ కొద్దిరోజుల్లోనే తగ్గిపోయింది. కానీ నిలబడితే పడవలో ఉన్నట్టు ఊగడం, జనంలోకి వెళ్ళినా ఫోన్‌లో స్క్రోల్ చేసినా అది ఎక్కువవడం నెలల తరబడి వదల్లేదు.

పొద్దున కళ్ళు తెరవగానే తల అటూ ఇటూ తిప్పి ఇవాళ ఎలా ఉందో చూసుకునేవాణ్ణి, అలా చూసుకుంటే ఉండకుండా ఎలా ఉంటుంది! రాత్రయితే గూగుల్. ట్యూమర్, స్ట్రోక్, ఏది చదివినా ఆ లక్షణాలు నావే అనిపించేవి. ఒకసారి వేళ్ళు తిమ్మిరెక్కితే ఇక నరాలు పోయాయనే అనుకున్నాను, భయంలో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు, పెదాలు అలా అవుతాయని తర్వాత తెలిసింది. ఎమ్మారై బాగానే ఉందంటే వచ్చిన ధైర్యం కూడా ఎన్నాళ్ళో నిలవలేదు, స్కాన్ తీసినప్పటికి మరీ చిన్నగా ఉండి కనబడలేదేమో అని మళ్ళీ మొదలు. ఇంట్లోవాళ్ళు "అంతా నీ మనసులోనే ఉంది" అనేవారు, ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

ఇంకో డాక్టర్ దీనికి పీపీపీడీ (పర్సిస్టెంట్ పోస్చురల్-పర్సెప్చువల్ డిజినెస్, అంటే వదలకుండా ఉండిపోయే తూలుడు) అని పేరు చెప్పారు. తలతిరుగుడు, బ్యాలెన్స్ సమస్యల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం బారనీ సొసైటీ 2017లో దీని నిర్ధారణకు నియమాలు ప్రచురించింది: తూలుడు కనీసం 3 నెలల పాటు, ఎక్కువ రోజులు ఉండాలి, నిలబడినా, కదిలినా, కళ్ళ ముందు కదలికలు ఎక్కువున్నా పెరగాలి. ఆ మొదటి దెబ్బ తర్వాత మెదడు పడిపోతామేమోనన్న జాగ్రత్తలోనే ఉండిపోతుందట, ఒళ్ళు బిగబట్టి, చూపు మీదే ఆధారపడి. అంటే నిజమైన జబ్బే, స్కాన్‌లో దొరికేది కాదంతే.

తల తిరగకుండా ఇచ్చిన మాత్రలు ఎక్కువ కాలం వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుందని చెప్పి ఆయనే ఆపించారు. బదులుగా వ్యాయామాలు: బొటనవేలి మీద చూపు నిలిపి తల పక్కలకు తిప్పడం, అంటే ఏదైతే రాకూడదని వణికానో దాన్ని కోరి తెచ్చుకోవడం. మొదట్లో దాంతో ఇంకా ఎక్కువైంది, అసలు ఇదేం వైద్యం అని తిట్టుకున్నాను కూడా. భయానికి సైకాలజిస్ట్ దగ్గర సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మాటల చికిత్స. అక్కడ నాకు బాగా పనికొచ్చింది ఒక చిన్న ఒప్పందం: మూతి వంకరపోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో బలం తగ్గడం, రెండేసి కనిపించడం, వీటిలో ఏదొచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి, ఇంకేదైనా అనుమానం ఉంటే మాత్రం ఫోన్ ముట్టకుండా తర్వాతి అపాయింట్‌మెంట్‌లో అడగడం.

మంచి రోజు తర్వాత చెడ్డ రోజు వస్తూనే ఉండేది, నిద్ర సరిగా లేకపోతే మరీను. ఇప్పుడు పనులన్నీ చేసుకుంటున్నాను. తిరిగే ఫ్యాన్‌ని తలెత్తి చూడటం మాత్రం ఇంకా కష్టమే, వ్యాయామాల్లో అదొక్కటి మిగిలింది.