అమ్మ, కొడుకు, పాత గుళ్లు: మా శాసనాల నోటుపుస్తకం ఎంతవరకు వచ్చిందంటే

నోటుపుస్తకం సగం దాటింది కాబట్టి ఇప్పటిదాకా అయినదంతా రాసి పెడుతున్నా, ఇంకెవరైనా పిల్లల్ని తీసుకుని ఇలా తిరగాలనుకుంటే పనికొస్తుంది. మేముండేది విజయనగరం. మావాడు ఆరో తరగతి. రెండో శనివారాలూ సెలవులూ చూసుకుని వాడూ నేనూ పాత కారులో జిల్లాలోనూ పక్క శ్రీకాకుళంలోనూ ఉన్న పాత గుళ్లకు వెళ్లి, గోడల మీదా స్తంభాల మీదా చెక్కిన శాసనాల్లో అక్షరాలు పోల్చుకుని పెన్సిల్‌తో గీసుకుంటున్నాం. దర్శనం కూడా అవుతుంది కానీ మా అత్తగారు ఒప్పుకోరు, "దేవుణ్ణి చూడ్డానికి ఐదు నిమిషాలు, గోడలు చూడ్డానికి రెండు గంటలా" అంటారు.

మొదలుపెట్టింది ఇంటి దగ్గరున్న రామతీర్థంతో. పన్నెండు కిలోమీటర్లే. కింద రాములవారి గుడి అందరికీ తెలుసు, ఎదురుగా గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఆరామాల ఇటుక గోడలున్నాయని మాత్రం చాలామంది పట్టించుకోరు. అలెగ్జాండర్ రీ అనే ఆయన 1908 ప్రాంతంలో అక్కడ తవ్వించాడు. పక్క దుర్గకొండ మీద జైన విగ్రహాలు, గుహలో తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు కన్నడ శాసనం. మావాడికి ఆ రోజు శాసనం కన్నా కోతులు ఎక్కువ నచ్చాయి, సరే అనుకున్నా. మెట్లు ఎక్కాలి కాబట్టి ఎనిమిది లోపు కొండ మీద ఉండండి. తినేవి బ్యాగులోంచి బయటికి తీయకండి, కోతుల సంగతి చెప్పాను కదా.

తర్వాత శ్రీముఖలింగం. ఇది ఒక్కసారిలో అయ్యేది కాదు. తెల్లవారుజామున బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళం దాటి, మడపాం టోల్ కట్టి, నరసన్నపేటలో టిఫిన్ చేసి లోపలికి తిరిగాం. నాతవలసలోనూ టోల్ ఉంది, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందే వేసుకోండి. నరసన్నపేట దాటాక ఊళ్ల మధ్య నుంచి వెళ్లే రోడ్డు, వరి నూర్పుల టైములో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, స్పీడుగా వెళ్దామంటే కుదరదు.

అక్కడ గుళ్లు మూడు: మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు. వెళ్లినవాళ్లంతా నేరుగా మధుకేశ్వరానికి పరుగెడతారు, నా మాట వింటే పిల్లలతో ముందు సోమేశ్వరం దగ్గర ఆగండి. ముందు మండపమేమీ లేకుండా గర్భగుడి, దాని మీద నిలువుగా లేచిన శిఖరం, అంతే. కళింగ శిల్పం అంటే ఏమిటో ఒక్క చూపులో పిల్లలకి అర్థమవుతుంది. మావాడు శిఖరం మీది ఆమలకాన్ని (చుట్టూ గాట్లున్న గుండ్రటి రాయి) చూసి "ఉసిరికాయని అడ్డంగా కోసినట్టుంది" అన్నాడు, ఆ పేరుకి అర్థం అదేనని వాడికి తెలీదు. మధుకేశ్వరంలో శిల్పం ఎక్కువ, జనం ఎక్కువ, చిన్న గుళ్లు మూలమూలనా ఉంటాయి, ముందే అక్కడికెళ్తే కళ్లు తిరిగి ఏదీ గుర్తుండదు. లోపల ఒక పెద్ద మట్టి గోలెం ఉంది, పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి ఇచ్చాడని అంటారు. గుమ్మం కన్నా పెద్దదిగా కనిపించే గోలెం లోపలికెలా వెళ్లిందని మావాడు కారెక్కేదాకా అడుగుతూనే ఉన్నాడు. నా దగ్గర జవాబు లేదు, పూజారిగారు నవ్వి ఊరుకున్నారు.

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. 1078లో పట్టాభిషేకమైన అనంతవర్మ చోడగంగదేవుడు తర్వాత రాజధానిని కటకం వైపు మార్చాడు. ఇక్కడి రాళ్ల మీద వందకు పైగా శాసనాలున్నాయి, చాలావాటిలో ఉండేది యుద్ధాలు కాదు, ఫలానావారు దేవుడి ముందు అఖండ దీపానికి ఇంత ఇచ్చారు అనే లెక్కలు. గోడ దగ్గర మావాడు కూర్చుని గీస్తుంటే ఊరాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ఏటి బాబూ, రాయి మీద ఏటి ఎతుకుతున్నావు?" "అక్షరాలు తాతా." "మా సిన్నప్పుడు మేమూ ఎతికినాం, నిధి ఉందనేవోరు." ఆ మాటతో మావాడికి ఉత్సాహం రెట్టింపయింది, ఆ పేజీ పక్కన నిధి అని రాసి ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

ఈ పని ఎలా చేయాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మొదట్లో మాకు చెప్పినవాళ్లు లేరు. శాసనానికి ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే అక్షరాలు కనిపించవు, రాయి తెల్లగా మెరుస్తుంది. ఒకరు గొడుగు పట్టి ఎండని ఆపాలి, రెండోవాళ్లు టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వేయాలి. అప్పుడు ప్రతి గీతలోనూ నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. గొడుగు లేకుండా కావాలంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడే గోడ దగ్గరికి వెళ్లాలి. ముగ్గుపిండి పూయడం, సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె రాయడం మాత్రం వద్దే వద్దు. రాయి పాడవుతుంది, పైగా ముఖలింగం గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గర్భగుడి వైపు ఫోన్ తిప్పకండి, బయట గోడల దగ్గర కూడా ఒకసారి అడిగి తీయడం మర్యాద. పెన్సిల్ 2బి, గీతల్లేని పుస్తకం, కొలవడానికి దర్జీ టేపు, ఇంతే సామాను.

ఒక రోజుకి ఒకే రాయి, అదీ నాలుగైదు పంక్తులు మించకుండా. ఇది నేను పెట్టిన రూలు కాదు, వాడి ఓపిక పెట్టిన రూలు.

బాగా ముందుకెళ్లింది మాత్రం శ్రీకూర్మంలోనే. శ్రీకాకుళం నుంచి పదిహేను కిలోమీటర్ల లోపు. రెండు ధ్వజస్తంభాలు, పడమర ముఖంగా స్వామి, ప్రాకారంలో నక్షత్ర తాబేళ్లు (ఆకుకూర కట్ట తీసుకెళ్తే పిల్లలు అరగంట అక్కడే ఉంటారు, ఆ అరగంట మీరు స్తంభాలు చూసుకోవచ్చు). ప్రదక్షిణ మండపంలో నల్లరాతి స్తంభాల మీద అక్షరాలు మన చూపుకి సులువుగా అందుతాయి, తెలుగు లిపి కాబట్టి. అయినా పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, మొత్తం ఒకే పొడుగు. మేం చేసిందేమిటంటే ముందు 'శ్రీ' కోసం వెతికాం. చాలా శాసనాలు 'స్వస్తిశ్రీ' అనో 'శకవర్షంబులు' అనో మొదలవుతాయి కాబట్టి ఆ రెండూ దొరికితే శ, వ, ర, ల, బ ఎలా ఉంటాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత పక్క పంక్తిలో అవే అక్షరాలు ఏరుకోవడం.

సంవత్సరం దగ్గర మళ్లీ చిక్కు. కొన్నిచోట్ల ౧, ౨, ౩ అంకెల్లో ఉంటుంది, ఆ అంకెలు మావాడికి స్కూల్లో చెప్పలేదు, నాకూ సగమే వచ్చు. మా అత్తగారికి పంచాంగం చూసే అలవాటుంది కదా, ఒక సాయంత్రం కూర్చోబెట్టి పదీ నేర్పించారు, ఆ రోజు నుంచి ఆవిడ గోడల మీద విసుక్కోవడం తగ్గింది. శ్లోకాల్లో అయితే సంఖ్యని మాటల్లో దాచిపెడతారు: నేత్ర అంటే రెండు, అగ్ని మూడు, వేద నాలుగు, బాణ ఐదు, అదీ వెనక నుంచి చదవాలి. వచ్చిన శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహస్వామికి గుడి కట్టించిన శాసనం శక 1203, అంటే 1281. ఆ కూడికలు వాడే చేస్తాడు, నన్ను ముట్టుకోనివ్వడు.

ఇంటికొచ్చాక సరిచూసుకోవడానికి 'దక్షిణ భారత శాసనాలు' (South Indian Inscriptions) ఐదో సంపుటంలో ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలున్నాయి, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందే చూసి వెళ్లకండి, మజా పోతుంది.

శ్రీకూర్మం వెళ్లిన రోజే సాలిహుండం కూడా కలపొచ్చు, రెండూ గార మండలమే. కొండ మీద చక్రం ఆకారపు పునాదితో బౌద్ధుల ఇటుక స్తూపం, చైత్యాలు (పూజామందిరాలు), కింద వంశధార. నీడ లేదు, నీళ్లు మోసుకెళ్లాలి. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తిగారు. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు. ఆగస్టు 29న స్కూల్లో ఆయన ఫోటోకి దండ వేస్తారు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదని మావాడి ఫిర్యాదు.

అరసవల్లి ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు. ఆదివారాలూ రథసప్తమీ తప్పించుకోవాలి, మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి మీద సూర్యకిరణాలు పడే రోజులూ అంతే, ఆ రద్దీలో పెన్సిల్ తీసే పని లేదు. శివరాత్రికి ముఖలింగం కూడా అలాగే, చక్రతీర్థ స్నానానికి వచ్చే జనంలో గోడ కనిపించదు.

ఇక మీదట నాగావళి వెంబడి ఐదు శివాలయాలు పెట్టుకున్నాం, బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునేవి. శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరం, నది సముద్రంలో కలిసే చోట కళ్లేపల్లి, ఈ రెండూ ఒక పూటలో అయిపోతాయి. మూడు నదులు కలిసే సంగాంకి రాజాం మీదుగా వెళ్లాలి, గుంపకి పార్వతీపురం వైపు. పాయకపాడు ఒడిశాలో రాయగడ దగ్గర కాబట్టి దసరా సెలవులకి వాయిదా. వానలు తగ్గేలోపు కారు ముందు టైర్లు మార్పించాలి, మావాడు కొత్త పుస్తకం అడుగుతున్నాడు, ఈసారి అట్ట గట్టిగా ఉన్నది.