పెదనాన్న డయానా, ఒక తోలు వాషరు

మా పెదనాన్న వాడిన డయానా 35 ఎయిర్ రైఫిల్ పాత దుప్పటి చుట్టుకుని మా బీరువాలో చాలా ఏళ్లు పడుంది. మేనకోడలికి షూటింగ్ మీద సరదా పుట్టింది. "ముందు ఇంట్లో ఉన్నదాంతో చెయ్యి కుదురుతుందేమో చూడు, అకాడమీ ఫీజుల సంగతి తర్వాత" అని మా అక్క అనడంతో దాన్ని బయటికి తీశాం. జర్మనీలోని రాష్టాట్‌లో తయారైన సరుకు. బ్యారెల్‌ని వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుని ఆగుతుంది. ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి విసురుతుంది, పిస్టన్ ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని, తోస్తుంది. మందు లేదు, గ్యాస్ సిలిండర్ లేదు. ఉన్నదల్లా ఒక స్ప్రింగు, ఒక వాషరు, కొన్ని స్క్రూలు. అందుకే బాగుచేసుకోవచ్చన్న ధైర్యం వచ్చింది.

చూసినవాళ్లందరూ మొదట అడిగింది లైసెన్సు గురించే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి అడ్డుకొలత) .177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. లెక్క తేలికే: అర గ్రాము పైచిలుకు, అంటే 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 200 మీటర్ల వేగంతో వెళ్లినా శక్తి 10.6 జౌళ్లే. అయినా పక్క డాబాల వాళ్లందరికీ ముందే చెప్పి ఉంచాను. పొడుగాటి గొట్టం భుజాన పెట్టుకుని డాబా ఎక్కేవాణ్ణి చూసి ఎవరు జౌళ్లు లెక్కేస్తారు?

సముద్రం దగ్గర ఇల్లంటే చుట్టాలకి మహా ముచ్చట. ఇనుముకి మాత్రం అది నరకం. విశాఖలో లాసన్స్ బే వైపు ఉండేవాళ్లకి కిటికీ ఊచలు, గేటు గొళ్లెం, ఏసీ బయటి డబ్బా ఏ గతి పడతాయో చెప్పక్కర్లేదు. రైఫిల్‌ని ఉప్పుగాలి కన్నా ఎక్కువ పాడుచేసింది ఆ దుప్పటే. తేమని పీల్చుకుని వదలకుండా పట్టుకుంది. దుప్పటి ఆనిన వైపు గొట్టమంతా ఎర్రటి పొడి, రెండో వైపు నల్లరంగు దాదాపు అలాగే ఉంది. మెత్తటి స్టీల్ ఊలు, పల్చటి నూనె, ఓపిక, ఈ మూడే మందు. ఎమరీ కాగితం జోలికి వెళ్లలేదు, అది తుప్పుతో పాటు మిగిలిన నలుపునీ లేపేస్తుంది. పొడి పోయింది, గుంటలు మిగిలాయి. ఉండనీ.

అసలు జబ్బు లోపల ఉంది. స్నేహితుడి దగ్గర క్రోనోగ్రాఫ్ తెచ్చి వేగం కొలిస్తే ఒక పెల్లెట్ చురుగ్గా, తర్వాతిది ఈసురోమంటూ వెళ్తోంది. గాలి ఎక్కడ పోతోందో ముందు తేల్చుకోవాలి. బ్యారెల్ మడిచే చోట, అతుకు మీద సన్నటి టిష్యూ కాగితం ముక్క పెట్టి పేల్చాను. కాగితం కదల్లేదు. అంటే అక్కడి సీలు బాగానే ఉంది, దోషం పిస్టన్ వాషరుది. దీని ముందుతరం ఎయిర్ గన్‌లలో చాలావాటికి లాగే దీనికీ తోలు వాషరే. ఎండితే కుంచించుకుపోయి, అంచు నుంచి గాలి వదిలేస్తుంది.

విప్పడం చిన్న పని కాదు. తుపాకీని కాక్ చెయ్యకుండా, అంటే బ్యారెల్ వంచి స్ప్రింగు ఎక్కించకుండా, ఉన్నా స్ప్రింగు కొంత నొక్కుకునే ఉంటుంది. వెనక దిమ్మని పట్టే పిన్నులు ఊరికే లాగేస్తే అది మొహం మీదికి వస్తుంది. దిమ్మని లోపలికి అదిమి ఉంచే బిగింపు కావాలి. గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేతు మేస్త్రీ ఉన్నాడు. రైఫిల్ చూడగానే, "ఏటి బాబూ, పోలీసోళ్లతో తంటా రాదు గదా?" అన్నాడు. సంగతంతా విన్నాక వాషరు చేతిలోకి తీసుకుని నవ్వాడు. "ఇది బోరింగు పంపు తోలు వాషరే కదండీ! సైజే చిన్నది." నిజమే. చేతిపంపులో నీళ్లని పైకి లాగే తోలు గిన్నె ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే: లోపలి ఒత్తిడే అంచుని గొట్టానికి అదిమి పెడుతుంది.

మందపాటి టేకు చెక్కకి పొడుగాటి బోల్టు బిగించి అదిమే సాధనం అక్కడే తయారు చేశాడు. వాషరు కోసం రెండు ఇనుప ముక్కలు తిప్పించాను. ఒకటి సిలిండర్ (పిస్టన్ కదిలే గొట్టం) లోపలి కొలతకి సరిపోయే కన్నం ఉన్న దిమ్మ. రెండోది ఆ కన్నం కన్నా తోలు మందానికి రెండింతలు చిన్నదైన గుండ్రటి కడ్డీ. బెల్టులకి వాడే దళసరి గేదె తోలు చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొన్నాను. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, దిమ్మ కన్నం మీద పరిచి, కడ్డీతో నెమ్మదిగా లోపలికి దింపి వదిలేస్తే నీడన ఆరి గిన్నె ఆకారం నిలబడింది. అంచుని కొత్త బ్లేడుతో సమంగా కోసి నూనెలో వేశాను. మొదట బుడగలు వచ్చాయి. తోలు రంగు ముదిరి, బుడగలు ఆగాక తీశాను.

సిలిండర్‌లో అది కుదిరిందో లేదో చెప్పడానికి కొలబద్దలు పనికిరావు. కొత్త వాషరు బిగించిన పిస్టన్‌ని సిలిండర్‌లో పెట్టి, ముందున్న చిన్న గాలి కన్నాన్ని వేలితో మూసి చేత్తో తోయాలి. గాలి దిండులా ఎదురు తోసిందంటే సరిపోయినట్టు. వేలు తీస్తే పిస్టన్ పెద్దగా రాపిడి లేకుండా జారాలి. మొదట మరీ బిగుతుగా ఉంది. అంచుని వెంట్రుకవాసి చొప్పున గీకుతూ పోతే దారికొచ్చింది. స్ప్రింగుని గాజు బల్ల మీద దొర్లించి చూశాను. వంకర లేదు. తుడిచి, పల్చగా మాలిబ్డినం గ్రీజు రాసి వాడేశాను.

ఇక ట్రిగ్గరు. మిగతా పనంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. దీంట్లో పిస్టన్ తోకని మూడు ఉక్కు గోళీలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. ట్రిగ్గరు నొక్కితే వాటిని బిగించిన గొట్టం జరుగుతుంది, గోళీలు పక్కకి తప్పుకుంటాయి, పిస్టన్ దూకుతుంది. ఎవరు ఆలోచించారో గానీ గొప్ప బుర్ర. తిరిగి కూర్చేటప్పుడు ఆ బుర్రనే తిట్టుకుంటాం. మూడు గోళీలూ వాటి కన్నాల్లో ఒకేసారి నిలబడాలి. దళసరి గ్రీజుతో అంటించి, గొట్టాన్ని నిటారుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి దించాలి. కింద తెల్ల దుప్పటి పరుచుకుంటే దొర్లిపోయిన గోళీ కనబడుతుంది.

మొదటి పేలుళ్లకి తెల్లటి పొగ, మాడిన నూనె వాసన వచ్చాయి. గాలి అంత వేగంగా నలిగినప్పుడు పుట్టే వేడికి ముందున్న నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో లాగే. అదనంగా ఉన్న నూనె ఖర్చయ్యాక పొగ ఆగింది, వేగం ఒక దారిన పడింది. శక్తి పెంచుదామని నూనె చుక్కలు పోసేవాళ్లున్నారు. తోలు మాడుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది. ఎందుకా సరదా?

పెల్లెట్‌లని బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి వేరుచేయడం కూడా చేసి చూశాను. ఈ తుపాకీకి అంత సీను లేదు. బరువులో చిన్న తేడా కన్నా పెల్లెట్ వెనక పావడాలా విచ్చుకునే భాగంలో సొట్టపడిన అంచే ఎక్కువ చెడగొడుతుంది. డబ్బాలోంచి తీసి కంటితో చూసుకుంటే చాలు. గురి కార్డు మీద గుండ్రంగా కోసినట్టు కన్నం పడాలంటే ముందు భాగం చదునుగా ఉన్నవే వాడాలి. సీసం కాబట్టి తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చకూడదు, పిస్టన్‌కి అడ్డుపడే గాలి దిండు లేక నేరుగా సిలిండర్ చివరి గోడకి కొట్టుకుంటుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన బ్యారెల్‌ని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. మా పిల్ల ఈ మాట వింటే చాలు, "తెలుసు మావయ్యా!" అంటుంది. అయినా చెప్తూనే ఉంటాను.

డాబా మీద పది మీటర్లు కొలిచి గీత గీశాం. కార్డు వెనక దళసరి ప్లైవుడ్, దానికి ముందు పాత కన్వేయర్ బెల్టు ముక్క. పోటీ కార్డులో పది పాయింట్ల చుక్క అడ్డుకొలత 0.5 మిల్లీమీటరు, పెల్లెట్ 4.5. కొట్టే గుండు కన్నా కొట్టాల్సిన చుక్కే చిన్నది! స్ప్రింగు తుపాకీతో ఇంకో తంటా ఉంది. ముందు వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకి కుదుపుతుంది, అదీ పెల్లెట్ ఇంకా గొట్టం దాటకుండానే. గట్టిగా అదిమి పట్టుకుంటే ప్రతిసారీ పట్టు మారి గుండ్లు చెల్లాచెదురవుతాయి. తెరిచిన అరచేతి మీద ఊరికే ఆనించి, దాని కుదుపు దాన్ని కుదపనివ్వాలి. నాకన్నా మేనకోడలికే అది తొందరగా పట్టుబడింది.

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ స్థాయిలో వాడే తుపాకీలు నింపిన గాలితో నడుస్తాయి, కుదుపన్నదే ఉండదు. అర్హత రౌండులో 60 గుండ్లు, 75 నిమిషాలు. 2018 నుంచి ఆడపిల్లలకీ అదే లెక్క. మా డయానాతో ఆ స్కోర్లు రావు, రావాలని కూడా లేదు. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గరు మీద వేలు, ఈ మూడూ కుదిరాక అకాడమీలో చేర్పిద్దామని మా అక్క ఒప్పుకుంది.

రైఫిల్ ఇప్పుడు దుప్పట్లో లేదు. తాళం వేసే గదిలో, ఫ్యాను గాలి తగిలే చోట, చెక్క స్టాండు మీద ఉంటుంది. వాడిన ప్రతిసారీ చెమట చేతుల మరకలు నూనె గుడ్డతో తుడవాలి, కుదుపులకి వదులయ్యే స్టాక్ స్క్రూలు బిగించాలి. ఈ రెండు పనులూ పిల్లకి అప్పగించాను. మిగిలిన తోలులోంచి మరో రెండు వాషర్లు చేసి నూనె సీసాలో వేసి ఉంచాను. వేగం మళ్లీ తడబడితే ఆటోనగర్ దాకా వెళ్లే పని లేదు.