వాంతిలో నెత్తురు

మొన్న ఆదివారం రాత్రి బాబాయికి తిన్నది పడక వాంతులు పట్టుకున్నాయి. నాలుగైదుసార్లు ఉత్త పైత్యమే. ఆ తర్వాత ఎర్రటి నెత్తురు. చెంబుతో నీళ్లు తెచ్చిన పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. "వేడి చేసుంటుంది, కొబ్బరినీళ్లు పట్టండి" అన్నారు ఎవరో. నేను వినలేదు. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా రాత్రికి రాత్రే కాకినాడ తీసుకెళ్లాం.

ముందు నాడి, బీపీ చూసి సెలైన్ పెట్టారు. రక్తం ఎక్కించాల్సి వస్తుందేమోనని గ్రూపు చూశారు. తెల్లవారాక ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూడటం. అన్నవాహిక కడుపులో కలిసే చోట లోపలి పొర నిలువునా చిరిగి, సన్నగా నెత్తురు ఊరుతుండటం స్క్రీన్ మీద చూపించారు డాక్టరుగారు. మాలరీ-వైస్ టేర్ అంటారట; 1929లో దీన్ని వివరించిన ఇద్దరు డాక్టర్ల పేర్లవి. పదేపదే బలంగా వాంతి అయితే ఆ ఒత్తిడికే చిరుగుతుంది. చాలామందికి దానంతటదే ఆగిపోతుంది. బాబాయికి ఆగలేదు, చిరుగు మూయడానికి ఆ గొట్టంతోనే రెండు క్లిప్పులు వేశారు. యాసిడ్ తగ్గించే మందు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు.

నన్ను తొలిచేస్తున్నది వేరే. మోకాళ్లనొప్పులకి ఆయన మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు నెత్తురు ఆగనివ్వవట. ఏళ్లుగా మింగుతున్నారు, ఇంట్లో ఒక్కరం అడగలేదు.

వాంతిలో నెత్తురు పడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, దయచేసి.

నిన్న సాయంత్రం పల్చటి జావ తాగారు బాబాయి. పిన్ని గ్లాసు కడిగి, ఆ బిళ్లల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.